పిలుపుల భూతం ఇంకా చావలేదు

కాలువ క్యాంపు, బాన్సువాడ
ఫిబ్రవరి 1938

తమ్ముడు హరనాథబాబుకి సీతారావమ్మ ఆశీస్సులు.

అవును, ఆ వ్యాసం రాసింది నేనే. కింద "ఒక గృహిణి" అని పెట్టినంత మాత్రాన నా ధోరణి నువ్వు పోల్చుకోలేవనుకోలేదు. దానికోసం పత్రికవాళ్ళ చుట్టూ తిరిగావట. నన్నడిగితే చెప్పేదాన్నిగా! పేరు పెట్టనిది భయంతో కాదు. తమ్ముణ్ణి అక్క తిట్టిందంటే అదేదో ఇంటి గొడవ అనుకుని జనం పేజీ తిప్పేస్తారని.

ఇప్పుడు పేరు పెట్టే రాస్తున్నాను, చదువు. నీ గవ్వలకోట కథలు పదేళ్ళు నిలవవు. ఇవాళ వాటికోసం కొట్టుకునే పిల్లలు రేపు పెళ్ళాడి, వాళ్ళ పిల్లలకి ఆ కాగితాల్లోనే మరమరాలు పొట్లం కట్టిస్తారు. ఏడు పుస్తకాలు అచ్చేశావు. ఏడింటిలోనూ రాకుమారుడే. వాడి గుర్రానికి పేరుంది, గుర్రం మేపేవాడికి లేదు. సముద్రం అడుగున గవ్వలతో కోట కట్టావు, బాగానే ఉంది. ఆ గవ్వలు మోసిందెవరు? ఆ కోటలో అంట్లు తోమేదెవరు? చలిజ్వరంతో వణుకుతూ క్వినైను మింగే పిల్లలకి రాకుమారుడి కిరీటంలో రత్నాలు లెక్కపెట్టడం నేర్పిస్తున్నావు. అలాంటివి నిలవవురా. నిలవకూడదు.

మా క్యాంపు పిల్లలు నీ పార్సిలు కోసం రోడ్డుమీద కాపలా కాస్తారన్న మాట నిజమే. పొంగిపోకు. వాళ్ళు పచ్చి చింతకాయలకీ అలాగే ఎగబడతారు. పెద్ద పిల్లాడు తానొక్కడే చదివేసుకుంటుంటే మిగతావాళ్ళు ఏడుస్తున్నారని మధ్యాహ్నాలు వరండాలో నేనే పైకి చదువుతున్నాను. చదివితేనే కదా తిట్టడానికి హక్కు.

ఉన్నమాట ఒప్పుకోవాలి గనక చెప్తున్నా. ఆరో పుస్తకంలో పిలుపుల భూతం ఒక్కటీ బాగుంది. వాకిట్లో నిలబడి పేరుపెట్టి పిలుస్తుంది. "వస్తున్నా" అని గడప దిగినవాడు పొద్దు గూకేదాకా దానికి చాకిరీ చెయ్యాలి. గడప దిగకుండా మూడు ప్రశ్నలడిగితే మాత్రం దాని పని సరి. ఎవరు పిలిచారు? ఏం పనికి? ఏమిస్తారు? మూడోదానికి దాని దగ్గర జవాబుండదు, ఎన్నడూ ఎవరికీ ఏమీ ఇచ్చింది కాదు గనక. అడిగినప్పుడల్లా ఒక మూరెడు తగ్గిపోతుంది. అది మాత్రం నువ్వు రాశావంటే నమ్మబుద్ధి కాలేదు.

నా భర్త ఏడుకొండలు నిన్నడిగానని రాయమన్నాడు. అవును, మొగుడి పేరు పెట్టే రాశాను. అమ్మకి చదివి వినిపించేటప్పుడు అక్కడ దగ్గి ఊరుకో. నైజాంలో ఈ కాలువ కింద సేద్యానికని తెనాలి నుంచి వచ్చి నాలుగేళ్ళయినా ఆయనకి ఇక్కడి నీళ్ళు పడలేదు, నాకు మాత్రం భేషుగ్గా పడ్డాయి.

సీతారావమ్మ

*

బెజవాడ
మార్చి 1938

అక్కయ్యకి నమస్కారం.

అమ్మ దగ్గర దగ్గలేదు. గట్టిగానే చదివాను. రెండురోజులు నాతో మాట్లాడలేదు, నీమీది కోపంతో.

నీ వ్యాసం చదివి మా ప్రెస్సు యజమాని ఏమన్నాడో తెలుసా? "ఇంకోటి రాయించండి, ఆ నెల మూడొందలు ఎక్కువ పోయాయి" అన్నాడు. కాబట్టి తిట్టు, బాగా తిట్టు.

పదేళ్ళట! నూరేళ్ళుంటాయి నా కథలు. బెజవాడలో రైలుపెట్టెలో ఒక తల్లి పిల్లాణ్ణి నిద్రపుచ్చుతూ గవ్వలకోట చెప్తోంది, నా పక్క బల్లమీద కూర్చుని! నేనెవరో ఆవిడకి తెలియదు. చెప్దామని నోరు తెరిచాను, పిల్లాడు లేస్తాడని ఆవిడ నన్ను కసిరింది. నీ వ్యాసాలకి ఎన్నడైనా అలా కసిరించుకున్నావా?

ఇక నీకు నచ్చిన ఆ ముక్క సంగతి. నిజం చెప్తే నవ్వుతావు. ఆ పుట అడుగున ఖాళీ మిగిలిపోయింది. కంపోజిటరు వచ్చి "ఇంకో ఎనిమిది పంక్తులు ఇవ్వండి, లేదంటే పువ్వుబొమ్మ పెట్టేస్తా" అన్నాడు. నిలబడే ఉండి ఆ మూడు ప్రశ్నలూ రాసిచ్చాను. రత్నాల కిరీటం రాయడానికి పదిరోజులు పట్టింది, దాన్ని తిడతావు. పువ్వుబొమ్మకి బదులు రాసినదాన్ని మెచ్చుకుంటావు. నీ విమర్శకి ఓ దణ్ణం.

పందెం కడతావా? పదేళ్ళకి ఎవరూ చదవకపోతే నేను ఓడినట్టు.

నీ తమ్ముడు
హరనాథం

*

కాలువ క్యాంపు, బాన్సువాడ
జనవరి 1939

హరనాథానికి,

పందెం సంగతి తరవాత. ముందు ఇది చదువు. నవ్వొస్తే నవ్వు, కానీ చివరిదాకా చదివాక.

ఊళ్ళో కుమ్మరి పోసవ్వ అని ఉంది. నా ఈడుదే. క్యాంపుకి కుండలమ్మడానికి వచ్చి, గంప దించి, పిల్లల వెనక కూర్చుని నీ కథ వినేది. నేను చదివే తెలుగు సగం తెలియదు దానికి. పిల్లలు దాని భాషలో తిప్పి చెప్పేవాళ్ళు. పిలుపుల భూతం కథ మాత్రం మూడుసార్లు చదివించుకుంది.

ఇక్కడ ఇంటింటికీ పోయి జనాన్ని దొర పనికి పిలిచే మనిషిని సుంకరి అంటారు. పేరు గంగారాం. సర్కారు మనుషులెవరైనా ఊరిమీదికి వచ్చారంటే కుమ్మరులు కుండలు ఊరికే ఇవ్వాలి, నీళ్ళు కూడా వాళ్ళే మోసి నింపాలి. వెట్టి. తాతలనాటి నుంచీ అంతే. ఇంతలేసి వ్యాసాలు రాసేదాన్ని, అయిదేళ్ళుగా చూస్తూ దాని గురించి ఒక్క వాక్యం రాయలేదు, ఆ సంగతి నువ్వెత్తకు.

మొన్న గంగారాం పోసవ్వ వాకిట్లో నిలబడి "పోసవ్వా, దొర పిలుస్తుండు, కుండలు పట్టుకొని రా" అన్నాడు. ఇది గడప మీదే నిలబడి, "ఎవరు పిలిచిండ్రు?" అంది.

"ఇగో, జెప్పిన గదా. దొర."

"ఏం పనికి?"

"పట్నంకెళ్ళి సాబు వస్తుండు. నీళ్ళకు."

"ఏమిస్తరు?"

"దెయ్యం గిట్ల పట్టిందా నీకు?"

"గట్ల కాదు గంగారాం. మూడు అడిగినంకనే గడప దిగాలె. అచ్చుల పడ్డది. నేను జెప్తలేను, హుకుం జెప్తుంది."

అర్థమైందా? ఈ ఊళ్ళో వీళ్ళు చూసిన అచ్చుకాగితం ఒక్కటే, చావడి గోడకి సర్కారువాళ్ళు అంటించేది. అచ్చు పడిందంటే హుకుం, అంతే. కథలు కూడా అచ్చేస్తారని పోసవ్వకి ఎవరూ చెప్పలేదు. నీ ఆరో పుస్తకం అది సర్కారు ఉత్తరువనుకుంది!

గంగారాం తడబడిపోయి తిన్నగా నా దగ్గరికొచ్చాడు. రుమాలు తీసి చంకలో పెట్టుకుని, "అమ్మా, గా హుకుం జర చూపెట్టుండ్రి" అన్నాడు. పుస్తకం ఇచ్చాను. వాడికి చదువు రాదు. మీ బ్లాకు చెక్కినవాడు భూతానికి తలపాగా, కొమ్ముల్లా మీసాలు పెట్టాడు చూడు, ఆ బొమ్మ దగ్గర ఆగిపోయాడు. "గీయన అచ్చం మా దొర లెక్కనే ఉన్నడు గదమ్మా" అన్నాడు. తర్వాత మెల్లిగా, "మరి పిలిచినందుకు నాకేమిస్తడో అడగొచ్చునా?" అన్నాడు.

ఆ పూట దొర ఇంటి ఇత్తడి బిందెలే బయటికొచ్చాయి. కుండలు పోలేదు.

నువ్వు అబద్ధమాడావా అక్కయ్యా అంటావేమో. వాడు "ఇది హుకుమేనా" అన్నాడు. నేను "అచ్చయింది" అన్నాను. అచ్చయిందా లేదా?

అక్క

*

బెజవాడ
ఫిబ్రవరి 1939

అక్కయ్యకి,

ఉత్తరం ప్రెస్సులో అందరికీ చదివి వినిపించాను. ఎనిమిది పంక్తులు అడిగిన కంపోజిటరు కాలరెగరేస్తున్నాడు. వాడికి కాఫీ ఇప్పించాను.

ఒక్క కోరిక. ఆ కథ రాసింది మీ తమ్ముడని పోసవ్వకి చెప్పావా? హుకుం అనుకుంటే పోనీ, ఎవరి హుకుమో తెలిస్తే తప్పేముంది? నా పేరు ఒకసారి చెప్పి చూడు. ఆమె ఏమంటుందో రాయి.

హరనాథం

*

బాన్సువాడ
మార్చి 1940

హరనాథానికి,

నీ పేరు చెప్పలేదు. చెప్పను కూడా. నీ పేరు తెలిస్తే అది హుకుం కాదు, సీతారావమ్మ తమ్ముడి ముచ్చట అయిపోతుంది.

ఆ మూడు ప్రశ్నలు ఏడాదిలో ఎక్కడికి పాకాయో విను. కోటగిరిలో చాకళ్ళు అడుగుతున్నారు. రుద్రూరులో వడ్రంగులు అడుగుతున్నారు. జుక్కల్ వైపు మరాఠీలో అడుగుతున్నారట. అడిగిన ప్రతిచోటా గెలిచారని కాదు. కోటగిరిలో ఒకణ్ణి కొట్టారు. కానీ కొట్టే ముందు దొర మనిషి జవాబు వెతుక్కున్నాడట, అది చూసి చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారట. నవ్వినందుకే కొట్టారు.

ఇగ అసలు సంగతి. అవి మా ఇంటికే వచ్చాయి.

మా చెరుకు కొట్టడానికి తండా నుంచి గౌరీబాయి జట్టు వస్తుంది. కూలి సంగతి ఏడుకొండలు ఎప్పుడూ ముందు చెప్పడు. "చూద్దాం లెండి, బెల్లం కూడా పెడతాంగా" అంటాడు. మొన్న గట్టుమీద నిలబడి "రండి రండి, పొద్దెక్కింది" అన్నాడు. ఒక్క మనిషి మళ్ళో అడుగు పెట్టలేదు. గౌరీబాయి కొడవలి కింద పెట్టి, "ఎవరు పిలిచిండ్రు పటేలా? ఏం పనికి? ఏమిస్తరు?" అంది.

"నేనేమన్నా దొరనా, నన్నడుగుతావు?" అన్నాడు ఈయన.

"గాదు పటేలా. దొరనైతే ఇంట్ల నిలబడి అడుగుతుంటిమి. నువ్వు మంచోనివని పొలందాంక వచ్చి అడుగుతున్నం."

నేను నవ్వాను. అదే నా తప్పట. ఆ సాయంత్రమే దొర దగ్గర్నుంచి కబురు: "క్యాంపులో ఆ చదువులు ఆపకపోతే తూము మీకు ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేను." గౌరీబాయి ప్రశ్నలూ, నా నవ్వూ, దొర బెదిరింపూ ఒకేరోజు తగిలేసరికి ఏడుకొండలుకి మతిపోయింది. బెల్లం వంట సాగుతోంది. నీ పుస్తకాలన్నీ తెచ్చి బెల్లం పొయ్యిలో పెట్టాడు. పిల్లలు చూస్తుండగా.

ఆ వంట బెల్లం నేను ముట్టలేదు. మర్నాడు "కాఫీకి రా" అని పిలిస్తే వంటింటి గడప మీదే నిలబడి అడిగాను, ఎవరు పిలిచారు, ఏం పనికి, ఏమిస్తారు అని. వారం దినాలు అట్లాగే నడిపాను. చివరికి గౌరీబాయి జట్టుకి కూలి ఇంత అని ముందే చెప్పాడు, దానికీ చెప్పాడు, నాకూ చెప్పాడు. తూముకి పోయి దొర మనిషితో "నీళ్ళు నీ ఇంటివా, కాలువవా?" అని కేకలు కూడా వేసొచ్చాడు. కాఫీ తాగాను.

పుస్తకాలు పోయాయన్న ఫికరు పోసవ్వకి లేదు. "కాగితం కాలితే హుకుం కాలుతదా?" అంది. నాకు మాత్రం పిల్లలకోసం ఇంకో జత కావాలి. పంపు. రాకుమారుణ్ణి తగ్గించి రాస్తే ఇంకా మంచిది.

అక్క

*

బెజవాడ
జూలై 1942

అక్కయ్యకి,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టకు. నీ భాష చూస్తే ముచ్చటేసింది, "ఇగ", "ఫికరు", "దినాలు"! అమ్మ నీ ఉత్తరానికి అర్థం చెప్పించుకుంటోంది.

పుస్తకాలు పంపలేను. యుద్ధంతో కాగితం దొరకడం లేదు. ఉన్న ప్రతులు అయిపోయాయి. ప్రెస్సు అచ్చక్షరాల సీసం కూడా అమ్ముకుంటోంది.

ఇంకో మాట. ఇక్కడ నాకు కొత్త స్నేహాలు కలిశాయి. చదువుకున్నవాళ్ళు, లోకం మారాలనే వాళ్ళు. నీలాంటివాళ్ళే. వాళ్ళు నన్ను "భూతాల హరనాథం" అంటారు. సభలో నేను లేచి మాట్లాడబోతే వెనక నుంచి ఒకడు పిల్లిలా కూశాడు. ఇంటికొచ్చి పెట్టె అడుగునుంచి నీ వ్యాసం తీసి చదివాను. ప్రతి ముక్కా నిజం అక్కయ్యా. ఈ కథలు నిలవవు. నిలవకూడదు.

నేను మిల్లు కార్మికుల మీద నవల రాస్తున్నాను. వేసేవాడు దొరికాడు. అతను పెట్టిన షరతు ఒక్కటే, గవ్వలకోట మూసెయ్యాలి. దాచిపెట్టిన కాగితంతో ఆఖరి పుస్తకం ఒకటి వేస్తాను. అందులో రాకుమారుడు కత్తితో పిలుపుల భూతం తల నరుకుతాడు. కోట కరిగిపోతుంది. చివరి వాక్యం కూడా రాసేశాను: "భూతం చచ్చింది, ఇక ఎవరికీ భయం లేదు, ఇళ్ళకు పొండి."

నువ్వు సంతోషిస్తావని మొదట నీకే రాస్తున్నాను.

హరనాథం

*

బాన్సువాడ
జూలై 1942

ఒరే హరనాథం,

నా వ్యాసం తీసుకుని నామీదికే వస్తావా? నేను రాకుమారుడు వద్దన్నాను. భూతం వద్దని ఎక్కడన్నాను? ఆ వ్యాసం మళ్ళీ చదువు. నాకు గుర్తున్నంతవరకు భూతం ఊసే అందులో లేదు. ఉన్నా ఆ అర్థంలో కాదు.

పిల్లికూతకి భయపడి నీ రాతని నువ్వే కాదంటున్నావు. ఆ పిల్లిగాణ్ణి అడుగు, వాడు రాసిన ఏ ముక్కతోనైనా ఎవరైనా ఒక్క కుండ ఆపారా అని. మిల్లు మీద నవల రాయి, వద్దన్నదెవరు? దానికోసం పోసవ్వ చేతిలోది లాక్కోకు.

నీకు తెలియదా? నీకు కాకపోతే ఇంకెవరికి తెలుసు? ఇక్కడ అచ్చంటే హుకుం. భూతం చచ్చిందని అచ్చులో పడితే చచ్చిందనే అనుకుంటారు. గంగారాం వాకిట్లోకొచ్చి పిలుస్తాడు. భూతం లేదు గదా, ఇంకెందుకు అడగడం అని గడప దిగుతారు. నాలుగేళ్ళు నిలబడిన గడప అది! చంపేవాడు వేరే వచ్చాడు, వాడి చేతిలో కత్తుంది, మీరు ఇళ్ళకు పొండి అంటావా? ఇక్కడికి ఏ రాకుమారుడూ రాలేదు. రాడు. వాళ్ళకున్నవి ఆ మూడు ప్రశ్నలే.

ఆ పుస్తకం వెయ్యకు. వేస్తే ఇటు పంపకు.

అక్క

*

బెజవాడ
ఆగస్టు 1942

అక్కయ్యకి,

నీ ఉత్తరం అందేసరికి పుస్తకం అచ్చయిపోయింది. మీ క్యాంపు పిల్లలకని కట్ట కట్టి అంతకుముందే పంపేశాను కూడా.

కోపగించుకో. కానీ ఒక్క సంగతి చెప్పు. నాలుగేళ్ళ క్రితం చచ్చిపోవాలన్న కథని ఇప్పుడు చంపొద్దంటున్నావు. రాసింది నేను. నా రాత్రుళ్ళు, నా కళ్ళు. పెంచే హక్కు నాదైతే చంపే హక్కూ నాదే. మీ ఊళ్ళో ఎవరో పొరబడి దాన్ని హుకుం అనుకుంటే జీవితాంతం ఆ పొరపాటుకి నేను కాపలా ఉండాలా?

హరనాథం

*

బాన్సువాడ
అక్టోబరు 1942

హరనాథానికి,

కట్ట వచ్చింది. బల్లమీద పెట్టుకుని పొద్దున్నించీ చూస్తూ కూర్చున్నాను. ఏడుకొండలు నా మొహం చూసి, "పొయ్యి రాజేస్తున్నారు, వేసెయ్యమంటావా?" అన్నాడు. పాపం, ఈసారి నన్ను మెప్పిద్దామని. పుస్తకాలు కాల్చే చెయ్యి ఈ ఇంట్లో ఒక్కసారి లేచింది చాలన్నాను. దాచేద్దామా అనుకున్నాను. దాచి, హుకుం ఏదో ఏది కాదో నేను తేల్చడం మొదలుపెడితే నాకూ దొరకీ తేడా ఏముంది? మార్చి చదువుదామా అనుకున్నాను. అదీ చెయ్యలేదు.

అందర్నీ పిలిచాను. పిల్లలు, పోసవ్వ, గౌరీబాయి, వాళ్ళ వెనక గంగారాం. రుమాలు తలమీదే ఉంది వాడికి. నువ్వు రాసింది రాసినట్టు చదివాను, "ఇళ్ళకు పొండి" దాకా.

ఎవరూ కదల్లేదు. పోసవ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "భూతం సచ్చిందా?" అంది.

"పుస్తకంలో చచ్చింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే చదివానుగా."

"మరి గీ పొద్దుగాల గంగారాం నా ఇంటికి ఎందుకొచ్చిండు?"

గంగారాం వెనకనుంచి, "ఎందుకొస్త? దొర పంపిండు" అన్నాడు.

"గదే మరి. దొర ఉన్నడు, పిలుపు ఉన్నది, భూతం ఎట్ల సచ్చె? అమ్మా, గిది దొంగ అచ్చు."

పిల్లలు గొల్లుమన్నారు. గౌరీబాయి నా చేతిలోంచి పుస్తకం తీసుకుని బొమ్మ చూసింది. "ఈ కత్తోడు ఎవరు? మనం అడుగుతుంటే గీన ఎక్కడ పండుకున్నడు?" అంది.

అప్పుడు చెప్పాను హరనాథం. నాలుగేళ్ళు చెప్పనిది. అదీ ఇదీ రాసింది ఒక్కడే, వాడు నా తమ్ముడే అని. పోసవ్వ నావైపు చాలా జాలిగా చూసింది.

"మీ తమ్మునికి ఎవలో భయం పెట్టిండ్రమ్మా" అంది. "లేకుంటే దొరతోని కలిసిండు. మొదటి అచ్చు ఖరారు. గిది చెల్లదు."

పుస్తకాలన్నీ కట్ట కట్టి నాకే ఇచ్చేశారు. ఒక్కరూ ఇంటికి తీసుకుపోలేదు.

అచ్చులో పడ్డదల్లా హుకుం అనుకున్న మనిషి, అచ్చుని మొహమ్మీదే కాదంది. నేను ఇరవై ఏళ్ళ వ్యాసాల్లో ఎవరిచేతా అనిపించలేని మాట అది. నీ హక్కు గురించి అడిగావు కదా. ఉంది, నీ పుస్తకాన్ని నువ్వు చంపుకోవచ్చు. చంపావు. ఇక్కడ మాత్రం నీ కత్తి దిగలేదు.

అక్క

*

బెజవాడ
ఏప్రిల్ 1949

అక్కయ్యకి నమస్కారం.

ఇన్నేళ్ళ తరవాత రాస్తున్నాను. రజాకార్ల రోజుల్లో మీ క్షేమం కోసం రాసిన కార్డులు మీకు చేరాయో లేదో. బావగారికి జ్వరం తగ్గిందని విన్నాను.

నవల వచ్చింది, పోయింది. రెండోదీ వచ్చింది, పోయింది. నన్ను చూసి పిల్లికూత కూసినవాడే దానికి పీఠిక రాశాడు. ఎవరూ తిట్టలేదు కూడా. అటకమీద చెదలు చదువుతున్నాయి.

మొన్న మా బుజ్జిగాడు కథ చెప్పమన్నాడు. పిలుపుల భూతం మొదలుపెట్టాను. సగంలో మర్చిపోయాను అక్కయ్యా. నా కథే! పుస్తకం చూసి చెప్దామంటే ఇంట్లో ఒక్క ప్రతి లేదు. పాతపుస్తకాల దుకాణాలన్నీ తిరిగాను. గవ్వలకోటా, అదేమిటండీ, అన్నారు. రైలుపెట్టెలో తల్లులు ఇప్పుడు సినిమా పాటలు పాడుతున్నారు.

పదేళ్ళన్నావు. పదకొండయింది. నువ్వే గెలిచావు.

హరనాథం

*

బాన్సువాడ
మే 1949

ఒరే,

నన్ను గెలిపించడానికి నువ్వెవడివిరా? ఆ పందేనికి నేను ఒప్పుకున్నానా?

విను. కొత్త సర్కారు వచ్చింది. దొర కూడా మారాడు, తలపాగా తీసి ఖద్దరు టోపీ పెట్టాడు. పోయిన వారం ఇక్కడ సభ. పట్నం నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడని టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు కుమ్మరుల వాడకి పోయాడు. నేను పోసవ్వని చూడ్డానికని అక్కడే ఉన్నాను. దానికిప్పుడు చూపు సరిగ్గా ఆనదు, లోపల మంచంమీదే. గడపలో దాని మనవరాలు భాగ్యవతి కూర్చుని ఉంది. ఆరేళ్ళది. నీ పుస్తకాలు కాలిపోయాక పుట్టింది. దాని బతుకులో గవ్వలకోట అన్న మాటే వినలేదు.

"పాపా, మీ అవ్వను పిలువు. సభకి కుండలు కావాలి" అన్నాడు కుర్రాడు.

అది గడప మీద లేచి నిలబడింది. "ఎవరు పిలిచిండ్రు?"

వాడు నవ్వాడు. "దేశం పిలిచింది."

"ఏం పనికి?"

"నీళ్ళు పోయడానికి. సభకి వేలమంది వస్తారు."

"ఏమిస్తరు?"

కుర్రాడు అటూ ఇటూ చూశాడు. "స్వరాజ్యం వచ్చింది గదా పాపా, ఇంకా ఇచ్చుడేంది?"

ఆ పిల్ల వాణ్ణి కాళ్ళనుంచి తలదాకా చూసి, లోపలికి తిరిగి కేకేసింది. "అవ్వా, మూరెడు తగ్గిండే!"

వాడ మొత్తం పగలబడి నవ్వింది. కుర్రాడు ఎర్రబడ్డాడు, వెళ్ళిపోయాడు. ఒక గంటకి తిరిగొచ్చి, కుండకింత అని ధర అడిగి, చేతిలో పెట్టి పట్టుకుపోయాడు.

నేను ఊరుకోలేక పిల్లని దగ్గరికి తీసుకుని, ఆ ప్రశ్నలు ఎవరివే అన్నాను. "మా అవ్వయి" అంది. పోసవ్వని అడిగాను. ఏమందో తెలుసా? "మా అవ్వ నాకు జెప్పింది" అంది! వరండాలో నా ఎదురుగా కూర్చుని మూడుసార్లు చదివించుకున్న మనిషి! పోసవ్వా, అది నా తమ్ముడు రాసింది కదే అన్నాను. చూపు ఆనని కళ్ళు నావైపు తిప్పి నవ్వింది. "గిదానికి రాసుడేందమ్మా? ఎన్కటినుంచి ఉన్నదే గదా."

మొదట బాధేసింది నాకు. నీకోసం. తరవాత ఆలోచిస్తే కోపం వచ్చింది, నీమీద. నూరేళ్ళుంటాయి నా కథలన్నావు. నూరేళ్ళు వెనక్కి కూడా పోయిందిరా, ఇంకేం కావాలి? రత్నాల కిరీటం పోయింది, రాకుమారుడు పోయాడు, కత్తి పోయింది. పువ్వుబొమ్మకి బదులు నిలబడి రాసిన ఎనిమిది పంక్తులు ఉన్నాయి. నీ పేరు లేదు. నా వ్యాసమూ లేదు, సమంగా పోయాం.

బుజ్జిగాడికి సగం కథ చెప్పి వదిలేశావట. వాణ్ణి తీసుకుని ఇక్కడికి రా. మిగతా సగం భాగ్యవతి చెప్తుంది. ఆ తరవాత నువ్వు రాయాల్సింది ఇంకా ఉంది. టోపీ పెట్టుకున్న భూతం ఎలా పిలుస్తుందో ఇక్కడి పిల్లలకి ఎవరూ చెప్పలేదు.

ఎవరు పిలిచారంటావా? మీ అక్క సీతారావమ్మ.

ఏం పనికంటావా? చెప్పాను.

ఏమిస్తారంటావా? ఏమీ ఇవ్వం. డబ్బు లేదు, అచ్చు లేదు, రాసింది నువ్వని ఒక్కరూ అనుకోరు.

ఇప్పుడు గడప దిగుతావో లేదో నీ ఇష్టం.

సీతారావమ్మ